ఒక్క ముక్కా అర్థం కాని పాట

దర్జీ పని చేసే అక్క కుట్టు గది. చెల్లెలు ఫోన్‌లో పాట పెట్టి బల్ల మీద ఉంచింది.

“ఇంకెంతసేపే చిన్నీ ఈ పాట?”

“ఇంకా మొదలే అవ్వలేదక్కా. ఇప్పటిదాకా వాయిద్యాలే. ఇదిగో, ఇప్పుడు పాడతాడు.”

“ఈ గొంతు మగాడిదా? ఆడమనిషనుకున్నా.”

“మగాడే. ఐస్‌లాండ్ వాడట. ఆల్బమ్ మొత్తం వాళ్ల భాషలోనే. మా ఆయన రోజూ వినేది ఇదే.”

“మీ ఆయనకీ ఐస్‌లాండ్‌కీ ఏం సంబంధమే? మామూలు సినిమా పాట పెడితేనే కాసేపు ఆపండి బాబూ అనే మనిషి.”

“అదే కదా నా అనుమానం. పొద్దున లేస్తే ఇవే, అన్నం తిన్నాక ఇవే. చెవులకి ఆ రెండు డిప్పలూ తగిలించుకుని, కళ్లు మూసుకుని, ఎక్కడికో వెళ్లిపోతారు. నీకెలా ఉందో చెప్పు.”

“నిద్రొస్తోంది. ఇది వింటూ కుడితే కాలర్ కాస్తా జేబైపోతుంది. నీకెలా ఉంది?”

“పక్క గదిలో ఎవరో ఇద్దరు గుసగుసలాడుకుంటున్నట్టుంది. నేను తలుపు తీస్తే ఆపేస్తారనిపిస్తుంది. వింటుంటే ఒళ్లు మండుతుందక్కా. పాపేమో ఏడుపు పాటలంటుంది. పక్కింటాయన గోడవతల నుంచి విని, మీ బంధువులెవరైనా పోయారా అని అడిగారు.”

“మీ ఆయన్నే అడగలేకపోయావా, ఇందులో ఏముందని?”

“అడిగా. నవ్వి, బాగుంటాయి అన్నారు. ఏం బాగున్నాయండీ అంటే, అన్నం పెట్టేస్తావా అన్నారు.”

“మాట తప్పించడం బానే నేర్చాడు.”

“ఇదివరకు ఇలా లేరక్కా. నేను కూరలు తరుగుతుంటే పక్కనే కూర్చుని ఊరందరి కబుర్లూ చెప్పేవారు, చెప్పించుకునేవారు.”

“ఈ పాటలెవరిచ్చారట?”

“పార్సెల్ గదిలో ఓ అమ్మాయుందట. కొత్తగా చేరింది. ఆ అమ్మాయిచ్చిందట.”

“ఆయనుండేది బస్టాండు ఎంక్వైరీ కిటికీలో కదా. పార్సెల్ గదితో ఏం పని?”

“మారిపోయారు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో నిద్రలో అడిగినా చెప్పే మనిషి, తనే వెళ్లి అడిగి మరీ అక్కడికి మార్పించుకున్నారు. నాకు చెప్పనేలేదు. వాళ్ల మేనేజర్ భార్య కూరల కొట్టు దగ్గర చెబితే తెలిసింది.”

“ఊఁ. ఆ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసెయ్, బట్ట కాలుతుంది. ఇంకా?”

“ఫోన్ చేస్తే ఎత్తరు. మెసేజ్ పెట్టు, మెసేజ్ పెట్టు అంటారు.”

“నాకూ అంతే. ఫొటో దిగడానికి కుట్టమన్న ఆ కోటు ట్రయల్‌కి ఇవాళ రమ్మని నాలుగుసార్లు చేశా, ఎత్తలేదు. మెసేజ్ పెడితే మాత్రం టక్కున వస్తానన్నాడు.”

“ఎవరైనా ఆడవాళ్లు మాట్లాడితే వాళ్ల నోరే చూస్తారక్కా. రెప్ప కూడా వేయకుండా. నాకు సిగ్గుతో తల తీసేసినట్టుంటుంది.”

“మొన్న నావైపూ అలాగే చూశాడే. పళ్లలో ఏమైనా ఇరుక్కుందేమోనని వెళ్లి అద్దం చూసుకున్నా.”

“పడుకునేటప్పుడు లైటు తీశాక ఏదైనా చెప్పబోతానా, లేచి మళ్లీ లైటు వేస్తారు. నా మొహంలో ఏదో వెతుకుతారు. అబద్ధాలు చెప్పేది నేనైనట్టు.”

“ఆ బల్ల కింద పెట్టె నీదేనా?”

“నాదే.”

“నిజం చెప్పు.”

“నా బట్టలూ, పాప బట్టలూ. ఇవాళ ఆయన సూటిగా జవాబు చెప్పకపోతే ఆ ఇంటికి వెళ్లను. బడి అయ్యాక పాపని ఇటే తీసుకొస్తా. నాకిక ఓపిక లేదక్కా.”

“సరే, ఏడవకు. నేనడుగుతా. ట్రయల్ కోటు తొడిగి, చుట్టూ గుండుసూదులు గుచ్చాక ఏ మగాడూ ఇటూ అటూ కదల్లేడు. అప్పుడడిగితే ఎక్కడికి పోతాడు?”

“మెట్ల మీద చప్పుడు. ఆయనే.”

“పాట ఆపెయ్. ఆ, రండి మరిది గారూ, రండి.”

“నమస్కారం వదిన గారూ. నువ్వెప్పుడొచ్చావ్?”

“ఇందాకే.”

“ఇటు కిటికీ వైపు తిరిగి నిలబడండి మరిది గారూ, నాకు వెలుతురు కావాలి. చేతులు వదులుగా. వీపు దగ్గర బిగించాలి.”

“మళ్లీ ఆ సూదులు నోట్లో పెట్టుకుంటారా? సూదుల దిండుకు గుచ్చి పెట్టుకోవచ్చుగా.”

“చిన్నప్పటి అలవాటండీ. తిరగండి, తిరగండి. మరేం లేదు, ఒక మాట అడుగుతా. ఆ పాటలిచ్చిన అమ్మాయెవరు?”

“భుజం దగ్గర కాస్త పట్టేస్తోంది.”

“చూశావా అక్కా? వినపడనట్టు.”

“పార్సెల్ గదిలో ఉంటుందటగా మరిది గారూ?”

“ఫొటో వరకే కదా, పర్లేదులెండి. ఇలాగే ఉంచేయండి.”

“ఏవండీ, నేనడుగుతున్నా. ఆ అమ్మాయికీ మీకూ మధ్య ఏముంది?”

“బొత్తాలు నల్లవే వేస్తున్నారా?”

“నేనివాళ ఇంటికి రావట్లేదు. పెట్టె సర్దుకుని వచ్చేశా.”

“గోధుమ రంగువైనా బాగుంటాయి. మీ ఇష్టం వదిన గారూ.”

“మనిషివేనా నువ్వు? కట్టుకున్నది ఇల్లొదిలేసి వచ్చానంటే బొత్తాల గురించి మాట్లాడతావా?”

“అక్కా.”

“నువ్వుండవే. ఇవాళ తేల్చేస్తా.”

“అక్కా, ఆగు. ఆ సూదులు నోట్లోంచి తీయ్. తీసి, ఆయన ముందుకెళ్లి అడుగు.”

“ముందు నుంచి అడిగితే ఏం మారుతుందే?”

“వెళ్లక్కా.”

“ఇదిగో, వెళ్లా. ఏవయ్యా, మీ ఆవిడ నీ ఇంటికి రానంటోంది. నీకు చీమ కుట్టినట్టైనా లేదా?”

“రానందా? ఎప్పుడంది?”

“ఇప్పుడే. నీ వెనకే నిలబడి.”

“మీరిద్దరూ కొలతలు చెప్పుకుంటున్నారనుకున్నా.”

“ఏవండీ, ఇటు తిరగండి. నన్ను చూడండి. ఎప్పటి నుంచి?”

“ఏది ఎప్పటి నుంచి?”

“మీకు తెలుసు.”

“పోయిన చలికాలం నుంచి. వినికిడి పూర్తిగా పోలేదే. గొంతు వినిపిస్తుంది, మాట విడిపడదు. అంతా ముద్దగా వస్తుంది. నోరు చూస్తే తెలిసిపోతుంది.”

“అయ్యో, మనిషివేనా అని కూడా అనేశానే.”

“అది విన్లేదులెండి వదిన గారూ.”

“అందుకేనా ఆ కిటికీ వదిలేశారు?”

“జనం తల వంచుకుని, చిల్లర వెతుక్కుంటూ అడుగుతారు. నాకు నోరు కనపడదు. ఓ పెద్దావిడని ఎటో వెళ్లే బస్సెక్కించేశా. ఆవిడ సాయంత్రానికి తిరిగొచ్చి, నా కిటికీ ఎదురుగానే కూర్చుంది. ఆ రోజే మేనేజర్‌ని అడిగేశా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు కబుర్లు చెప్పడం మానేస్తావని భయమేసింది. వినపడనివాడితో ఎంతకాలం చెబుతారెవరైనా?”

“నేను చెబుతాను. ఎదురుగా కూర్చుని చెబుతాను. రేపే డాక్టరు దగ్గరికి పోదాం.”

“కదలకండి మరిది గారూ, సూదులున్నాయి. నువ్వూ అలా మీద పడకే, గుచ్చుకుంటాయి.”

“మరి ఆ పాటలేంటండీ? మాట వినపడని మనిషికి పాటలెందుకు? అవే నన్ను చంపేశాయి.”

“ఆ అమ్మాయి ఓ రోజు అన్నాల వేళ అందరికీ వినిపించింది. మేనేజర్‌కి వాళ్లమ్మ గుర్తొచ్చిందట, కళ్లు తుడుచుకున్నాడు. హమాలీ ఒకడు దెయ్యాలొస్తున్నాయని బయటికి పోయాడు. ఇంకొకడు గుర్రుపెట్టాడు.”

“మీకేమనిపించింది?”

“నాకా? పాటయ్యాక అందరూ ఒకటే మాటన్నారు, ఇందులో ఒక్క ముక్కా అర్థం కాలేదని. ఒక్కొక్కరి నోరూ చూశా, అందరిదీ అదే మాట. అప్పుడు నేనూ గట్టిగా అన్నా, నాకూ ఒక్క ముక్కా అర్థం కాలేదని. అందరూ నవ్వారే. నాతో కలిసి నవ్వారు.”