రెప్ప వేస్తే వదులయ్యే నట్టు

తమ్ముడూ, ఎవర్నైనా నమ్ము గానీ ఇరుసు నట్టుని మాత్రం నమ్మకు. వ్యాను తోలేవాడివి కాబట్టి చెబుతున్నాను. చక్రం మధ్యలో, మూత కింద, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంటుంది. మనం చూస్తున్నంతసేపూ అంత బుద్ధిమంతురాలు ఇంకోటి ఉండదు. మామూలు కారైతే ఏదో నడిచిపోతుంది. పందెం కారు ఉందే, దాని ఇంజను గట్టిగా తొక్కినప్పుడల్లా ఇరుసుని ఇటు మెలిపెడుతుంది, బ్రేకు కొడితే అటు మెలిపెడుతుంది, ఇక నట్టుకి అంతకంటే ఏం కావాలి, సందు చూసుకుని మెల్లగా జరుక్కుంటుంది. అక్కా, రోజూ నీ కొట్లోనే తాగుతాను, ఇవాళ టీలో పాలు తగ్గించావు. లేదంటావేంటి, నేను కనిపెట్టలేననుకున్నావా?

ఇదిగో, నీ పక్కన కూర్చుని నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నాడే, ఈయన మా బావ, మా అక్కయ్య మొగుడు. వీధి చివర టైర్ల షాపు ఈయనదే. ఆ పిల్ల ఈయన కూతురు, నా మేనకోడలు. ఎదురుగా మా షెడ్డు ముందు ఎర్ర కారు ఉంది చూడు, అది దానిదే. మధ్యాహ్నం కొండ రోడ్డు పందెంలో నడపబోతోంది. వెనక చక్రాలు రెండూ నిన్న నేనే విప్పి, బేరింగులు మార్చి, మళ్ళీ బిగించాను.

"మామయ్యా, అదే అడగడానికి వచ్చాను. ఆ ఎడమ చక్రం..."

అడుగుదువు గానీ, ముందు కూర్చో. తమ్ముడికి కథ మొదలుపెట్టాను, మధ్యలో ఆపితే నాకు గొంతులో ముల్లు పడ్డట్టుంటుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక ఓనరు ఉండేవాడు. ఆయన దగ్గర నల్ల పందెం కారొకటి. దాని ఎడమ వెనక చక్రం నట్టు ప్రతి పందానికీ వదులైపోయేది. ఎంతమంది బిగించినా అంతే. చివరికి నన్ను పిలిచారు. నేను మూత తీసి ఒక్క చూపు చూసి చెప్పాను, అయ్యా, విప్పిన నట్టునే మళ్ళీ మళ్ళీ వాడుతున్నారు, అందుకే పట్టు పోయింది అని. కొత్త నట్టు తెప్పించాను. టార్క్ రెంచి ఉంటుంది కదా, ఎంత బలంతో బిగించామో అంకె చెప్పే పొడుగాటి రెంచి, దాంతో లెక్క ప్రకారం బిగించాను. తర్వాత నట్టు అంచు మీద పంచ్, అదే ఉలి లాంటి ఇనప ముక్క, పెట్టి సుత్తితో కొట్టి ఇరుసు గాడిలోకి దించాను. అలా దించితే నట్టు ఇక తిరగదు. ఆఖర్న నట్టు మీద నుంచి ఇరుసు మీదకి పసుపు పెయింటుతో ఒక గీత గీశాను. నట్టు ఏమాత్రం కదిలినా గీత రెండు ముక్కలై దొరికిపోతుంది. అంతే. గొప్పేం లేదు, ఎవరైనా చెయ్యాల్సిన పనే.

"ఇంతవరకూ బాగుంది. మరి మా పిల్ల కారుకి కూడా ఇవన్నీ చేశావా?"

చూశావా తమ్ముడూ, ఇదీ మా బావ వరస. ఇంట్లో భోజనానికి పిలిచినా ఎందుకు పిలిచావని అడుగుతాడు. చెయ్యకుండా ఉంటానా బావా? దానికి వేరే చెప్పాలా? ముందు అసలు సంగతి విను.

అన్నీ సక్రమంగా చేశాను కదా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు మూత తీస్తే గీత రెండు ముక్కలైంది. నాకు ఒళ్ళు మండింది. ఇది నట్టు పని కాదు, మనిషి పని అనుకున్నాను. ఎవరు? మొదట డ్రైవర్ని అనుమానించాను, వాడు నవ్వితే ఒక పక్కే నవ్వేవాడు. తర్వాత ఓనర్ని అనుమానించాను, తన కారు తనే పాడుచేసుకునే రకంలా లేడు గానీ ఏం చెప్పగలం. తర్వాత ఓనరు బావమరిదిని పట్టుకున్నాను. వాడు చక్రం పక్క నుంచి వెళ్తే జేబులు తడిమేవాణ్ణి. పాపం ఏడ్చేశాడు. ఏడిస్తే నాకు ఇంకా అనుమానం పెరిగింది.

ఇలా కాదని స్టూలు వేసుకుని చక్రం ముందు కూర్చున్నాను. తిండి అక్కడే, నిద్ర లేదు. ఒక్క పురుగు రాలేదు. నా కళ్ళు మంటపుట్టి ఒక్కసారి రెప్ప వేశాను. తెరిచేసరికి నట్టు కాస్త జరిగింది! అప్పుడు తెలిసింది, మనుషుల తప్పేం లేదు, అది నా రెప్ప కోసం కాచుకుని కూర్చుంది. నేను చూస్తే కదలదు, చూపు తిప్పితే తిరుగుతుంది.

"నట్టుకి కళ్ళున్నాయా అన్నా?"

తమ్ముడూ, నీకు ఇంకా చిన్న వయసు. కళ్ళు లేకపోతే నేను రెప్ప వేసిన సంగతి దానికెలా తెలిసింది? అక్కా, నవ్వకు, పాలు పొంగుతున్నాయి చూసుకో.

మరి పందెంలో ఎవరు చూస్తూ ఉంటారు? నేనే. కారు వెనక భాగం మీద బోర్లా పడుకుని, తల కిందకి వేలాడేసి, నట్టుని రెప్ప వెయ్యకుండా చూస్తూ పందెం మొత్తం వెళ్ళాను. దుమ్ము పడింది, చూశాను. వాన పడింది, చూశాను. మలుపులో ఒక తేనెటీగ వచ్చి కనుపాప మీద వాలింది, దానికి ఇంకో కన్ను చూపించి పంపించాను. నట్టు చచ్చినట్టు పడి ఉంది. పందెం మేమే గెలిచాం. బహుమతి ఓనరు తీసుకున్నాడు, చూపు మాత్రం నాది.

బావా, ఎక్కడికి లేచావు? షాపులో పనా? ఇప్పుడేం పని? అమ్మాయి కారు తాళం నీ చేతిలో పెడుతోందేంటి? ఓహో, ఎండలో ఉందని నీడలో పెడతావా. పెట్టు పెట్టు, సీటు కాలుతుంది. అమ్మాయ్, నువ్వు మాత్రం కదలకు, అసలు ఘట్టం వస్తోంది.

"ఎక్కడికీ వెళ్ళను మామయ్యా. నాకు నీ చెవి కథ కావాలి. నట్టు వదులైతే నీకు వినిపిస్తుందంటావు కదా, అది చెప్పు."

అదే చెప్పబోతున్నాను, నా నోట్లోంచి లాక్కున్నావు. ప్రతి పందానికీ బోర్లా పడుకోలేం కదా. అందుకని చెవికి పని నేర్పాను. చిన్న నట్టు, పెద్ద నట్టు, తుప్పు నట్టు, ఏది వదులైనా దాని గొంతు నాకు వేరేగా తెలుస్తుంది. ఏ వీధిలో ఏ సైకిలు బోల్టు జారినా ఇక్కడ నా టీ చల్లారిపోయేది, అలా ధ్యాస అటు పోయేది. ఒకసారి కారు పందెంలో ఉంది, నేను ఇంట్లో గడ్డం గీసుకుంటున్నాను. కొండ అవతల నట్టు అరగీత జరిగిన చప్పుడు నాకు ఇక్కడ చెవిలో పడింది. సబ్బు నురగతోనే స్పానరు పట్టుకుని పరిగెత్తాను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారు వేగం ఎంతంటే, లోపల స్పీడు చూపించే ముల్లు అంకెలన్నీ దాటేసి మళ్ళీ సున్నా దగ్గరికి వచ్చేసింది, డ్రైవరు బండి ఆగిపోయిందేమోనని ఇంకా తొక్కుతున్నాడు. ఆపమంటే వినిపించదు. నేను పక్కనే పరిగెత్తి, తిరుగుతున్న చక్రంలోకి స్పానరు దూర్చి నట్టుని పట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచించు తమ్ముడూ. నేను నట్టుని కదలనివ్వలేదు. నట్టు తిరగకపోతే ఎవరు తిరగాలి? కారు తిరగాలి. నేను నడిరోడ్డు మీద నిలబడ్డాను, కారంతా నా చేతిలో గిర్రున తిరిగింది, దాంతో నట్టు దానంతట అదే బిగుసుకుంది.

"డ్రైవరు బతికాడా?"

బతకడమేంటక్కా, లాభపడ్డాడు. అంత బిగింపుకి ఇరుసు ఇటు జరిగింది, అవతలి చక్రం ఇవతలికి వచ్చేసింది, కారు సన్నబడి పెద్ద కార్ల సందుల్లోంచి దూసుకుపోయింది. దాంతో ఆగిందా? రోడ్డు కూడా కాస్త చక్రానికి చుట్టుకుంది. అందుకే గెలుపు గీత ఉన్న చోట లేదు, ఇటు జరిగి మా ముందుకే వచ్చింది. కొలిచే వాళ్ళు వచ్చి ముక్కున వేలేసుకున్నారు.

తర్వాత ఆ నట్టుని విప్పడం ఎవరి వల్లా కాలేదు. క్రేను పెట్టి లాగితే క్రేను వంగింది. కారు తుప్పు పట్టి రాలిపోయింది, నట్టు మాత్రం గాల్లో అలాగే బిగుసుకుని నిలబడి ఉంది. దేన్ని పట్టుకుని అని అడక్కు, నేను బిగించానంతే. చివరికి ఓనరు ఏం చేశాడో తెలుసా, ఆ నట్టు చుట్టూ ఇల్లు కట్టుకున్నాడు. భూకంపం వచ్చినప్పుడు ఆ వీధిలో కదలని ఇల్లు అదొక్కటే... ఏంటా చప్పుడు? టక్ మంది. అక్కా, గ్లాసేదో పగిలినట్టుంది చూడు.

"నా గ్లాసులన్నీ నా ముందే ఉన్నాయి."

అయితే ఎవరిదో గేటు. ఆ, ఎక్కడున్నాం, భూకంపంలో. ఊళ్ళన్నీ ఊగుతున్నాయి, ఆ ఇల్లు మాత్రం... మళ్ళీ టక్ మంటుందేంటి? తమ్ముడూ, నీ వ్యానులో సరుకేమైనా జారుతోందా? ఎవడో కావాలనే నా కథ చెడగొడుతున్నాడు. నాకు ముందు నుంచీ అనుమానంగానే ఉంది.

"మామయ్యా, అది నా కారు."

ఏంటి?

"నాన్న దాన్ని ముందుకీ వెనక్కీ నడుపుతున్నాడు. కదిలినప్పుడల్లా ఎడమ వెనక చక్రం దగ్గర టక్ మంటోంది, పొద్దున్నించీ అంతే. మూత తీసి చూశాను. నిన్న నువ్వు గీసిన పసుపు గీత సగం ఇరుసు మీద ఉంది, సగం నట్టుతో పాటు పక్కకి పోయింది. అంచు మీద పంచ్ దెబ్బ ఒక్కటీ లేదు. అది పాత నట్టే. అడుగుదామనే వచ్చాను, నువ్వేమో కథ ఎత్తుకున్నావు. కొండ అవతల నట్టు నీకు వినిపించింది గానీ, రోడ్డుకి అవతల ఉన్నది గేటు అన్నావు."

అమ్మాయ్, అది... కొత్త బేరింగు కదా, సర్దుకునేదాకా కాస్త...

"డ్రైవర్ని అనుమానించావు, ఓనర్ని అనుమానించావు, పాపం ఆ బావమరిది జేబులు తడిమావు, ఆఖరికి నట్టుకి కళ్ళు పెట్టావు. బిగించిన చేతిని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. మధ్యాహ్నం ఆ కొండ మలుపుల్లో చక్రం ఊడితే, మామయ్యా, నేను నీ కథలోని డ్రైవర్ని కాదు."

నాకు అలా జరుగుతుందని... బావా, వచ్చావా. అలా చూడకు బావా. నీ చేతిలో ఏంటది?

"టార్క్ రెంచి. మొన్న నిన్ను అడిగి నా షాపుకి తెచ్చుకున్నాను, అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది. నువ్వు నిన్న దీని కోసం రాలేదు. మరి దేంతో బిగించావురా?"

...చేత్తో. చేతికి లెక్క తెలుసనుకున్నాను. కొత్త నట్లు షెడ్డులో పై అరలో ఉన్నాయి, తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. ఇంతలో అక్క టీకి పిలిచింది.

"నేను పిలవలేదు. నువ్వే వచ్చి కూర్చున్నావు."

సరే అక్కా, నేనే వచ్చాను. ఈ గ్లాసు తీసెయ్. బావా, రెంచి ఇలా ఇవ్వు. ఇవ్వనంటావా, పోనీ నువ్వే పట్టుకుని అంకె చూడు, నేను నొక్కుతాను. అమ్మాయ్, పై అరలోంచి నట్లు తీసుకురా, రెండు చక్రాలకీ మారుద్దాం. సుత్తి, పంచ్ బల్ల మీదే ఉన్నాయి. పసుపు పెయింటు నీ దగ్గర పెట్టుకో. నేను బిగించడం నీ కళ్ళతో చూశాకే నువ్వు గియ్యి, గీత నేను గియ్యను. నీకు ఏమైనా అయితే మా అక్కయ్యకి ఏ మొహం పెట్టుకుని కనిపించను చెప్పు.

నడవండి, పందానికి ఇంకా టైముంది. తమ్ముడూ, నువ్వు కూర్చో, మిగతా టీ తాగు. అలా తెల్లబోయి చూస్తావేంటి?

"అన్నా, పొద్దున నా వ్యాను ముందు చక్రాలు బిగించింది కూడా మీరే కదా?"

...బావా, అమ్మాయి కారు అయ్యాక ఆ రెంచి షాపుకి పట్టుకెళ్ళకు.