మూడు ఆంపుల ఫ్యూజ్

(అమెరికాలో ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో దివాకర్. ఫోన్‌లో, అదే దేశంలోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి, మామగారు పరంధామయ్య, రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరు.)

"కంప్యూటర్ ప్లగ్గులో ఫ్యూజ్ మళ్ళీ పోయిందండీ మామయ్యగారూ. పొద్దుట్నుంచి ఇది మూడోది."

"ఫ్యూజ్ మీద ఏం రాసుందో చదువు."

"త్రీ ఆంప్స్. ఇంగ్లండ్‌లో ఉండగా, లీడ్స్‌లో మా ఇంటికి మీరొచ్చినప్పుడు పెట్టినవేనండీ. కంప్యూటర్‌కి పదమూడెందుకయ్యా, మూడు చాలు అని మీరే మార్చారు."

"అక్కడ చాలు. అక్కడ రెండువందల ముప్ఫై వోల్టులు, ఇక్కడ నూట ఇరవై. అదే కంప్యూటర్ ఇక్కడ రెట్టింపు కరెంటు లాగుతుంది. ఐదుది కావాలి."

"ఎక్కడ దొరుకుతుందండీ? ఈ దేశంలో ప్లగ్గులో ఫ్యూజే ఉండదు. హార్డ్‌వేర్ షాపువాడు దీన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు."

"ఆ లీడ్స్ వైరు ఇంకా ఎందుకు ఉంచావు?"

"అడాప్టర్ ఉందిగదా, పారేయబుద్ధి కాలేదు."

"సరే, కంగారు దేనికి? ఆఫీస్ లాప్‌టాప్ ఉందిగా."

"అది... సర్వీస్‌కి ఇచ్చాను."

"మా అమ్మాయి శ్రీలేఖది?"

"స్కూల్లో వాలంటీరింగ్‌కి పట్టుకెళ్ళింది."

"ఫోన్‌లో కానిచ్చేయ్."

"ఫోన్‌లో కోడ్ రాయలేనండీ. పదకొండింటికి మీటింగ్. అప్పుడే పదకొండు దాటి పది నిమిషాలైంది."

"మీటింగేగా. రేపు పెట్టుకో."

"రేపు కుదరదండీ."

"ఎల్లుండి?"

"ఎల్లుండి అసలే కుదరదు."

"అదేం మీటింగయ్యా..."

"ముందు వైరు సంగతి చెప్పండి, ప్లీజ్."

"ఆగు, ఆగు. మీ ఎలక్ట్రిక్ కుక్కర్ ఇక్కడ కొన్నదేనా? దాని వైరు ఊడొస్తుందా?"

"ఆఁ, ఊడొస్తుంది."

"తీసి కంప్యూటర్ వెనకాల పెట్టి చూడు. చాలా కుక్కర్లకి అదే వైరు."

"పట్టింది! వెలిగింది మామయ్యగారూ!"

"చూశావా! వంటింట్లో పెట్టుకుని ఊరంతా వెతికావు."

"ఉండండి... లింక్ ఓపెన్ అవుతోంది..."

"వచ్చారా వాళ్ళు?"

"ఒక్క నిమిషం, మెయిల్ చూస్తున్నాను."

"దివాకర్?"

"వెళ్ళిపోయారండీ. క్యాండిడేట్ రాలేదని మెయిల్ పెట్టేశారు."

"క్యాండిడేట్ ఏమిటి? ఆఫీస్ మీటింగ్ కాదా?"

"ఇంటర్వ్యూ అండీ. జాబ్ పోయి యాభై ఎనిమిది రోజులైంది. లాప్‌టాప్ ఆఫీసువాళ్ళే తీసేసుకున్నారు. వీసా రూలు ప్రకారం అరవై రోజుల్లోపు ఇంకో జాబ్ రాకపోతే ఇండియా వెళ్ళిపోవాలి. నాకేం తోచట్లేదండీ."

"అమ్మాయికి చెప్పావా?"

"లేదండీ. రోజూ డెస్క్ ముందు కూర్చుంటున్నాను, పని చేస్తున్నాననుకుంటోంది. మీరూ చెప్పకండి."

"నేను చెప్పేదేముందయ్యా... నిన్న ఫోన్ చేసి, సూట్‌కేసులు తూచే కాటా ఉంటే పంపించు నాన్నా అంది. ఎందుకమ్మా అంటే, ఊరికే అంది."