తెల్లవారుజాము నీలం

అధ్యక్షత వహించిన మేడమ్‌గారికి, ముందు వరుసలో కూర్చున్న కెమెరామన్ పెద్దాయనకి, లాబ్ నుంచి పనిమానుకుని వచ్చిన చెల్లెమ్మకి, ఈ హాల్లో ఏ సీటు కిర్రుమంటుందో నాకన్నా బాగా తెలిసిన మిత్రులకి నమస్కారం. ప్రొజెక్టర్ గది చీకట్లో బతికినవాణ్ణి, ఇలా వెలుతురులో నిలబెడితే కళ్ళు చికిలించాల్సొస్తోంది. తప్పులు దొర్లితే పాత రీలు మీద గీతలనుకుని సర్దుకుపోండి. (నవ్వులు)

ఈ రిటైర్మెంట్ సభలో ఇందాక నన్ను పొగిడినవాళ్ళంతా ఒక మాట మింగేశారు. ఈ ఆర్కైవ్‌లో నన్ను పిలిచేది 'బొగ్గుల బాబాయి' అని. కొత్త జినాన్ దీపాలు వచ్చాక కూడా, కార్బన్ కడ్డీలతో వెలిగే పాత మిషన్‌ని పాత ఇనుముకి పోనివ్వకుండా గుడ్డ కప్పి దాచుకున్నాను మరి! మన స్టోర్స్ ఆయన, అదిగో, ఏమీ ఎరగనట్టు నేల చూపులు చూస్తున్నాడు, "బాబాయ్, దీన్ని మ్యూజియానికి పంపేటప్పుడు నిన్నూ దీంతోపాటే కట్టేస్తాను" అనేవాడు.

పెద్దాయన తీసిన సినిమా చివరి దృశ్యం మీకందరికీ తెలిసిందే. హీరోయిన్ పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది, సినిమా అయిపోతుంది. వెళ్తోందా, వచ్చిందా? మా ఆవిడ పెళ్ళైన కొత్తలో చూసి, "పాపం, పొద్దుగూకింది, ఎక్కడికీ పోలేక తిరిగొచ్చేసింది" అని కళ్ళొత్తుకుంది. లోకమంతా అదే అనుకుంది, ఎందుకంటే ఆకాశమంతా గులాబీ రంగు. మొదటిసారి విడుదలైనప్పుడు వారమైనా ఆడని సినిమాకి ప్రింట్లు పాతబడ్డాక పేరొచ్చింది. ఆ సాయంత్రాన్ని మెచ్చుకుంటూ వ్యాసాలొచ్చాయి, పెద్దాయనకి శాలువాలూ పడ్డాయి.

ఆయన తీసింది సాయంత్రం కాదండీ, తెల్లవారుజాము. మామూలు ప్రింట్లో రంగులు కలకాలం ఉండవు. నీలం ముందు జారుకుంటుంది, ఎరుపు మిగులుతుంది. పెద్దాయన మొదట్లో చెప్పి చూశారు, ఎవరూ చెవిన పెట్టలేదు. "శాలువా కప్పేవాళ్ళతో వాదనేమిటయ్యా" అని ఊరుకున్నారు. నెగెటివ్ ఎప్పుడో పాడైపోయింది. మొన్న లాబ్‌లో చెల్లెమ్మ పాత ప్రింటు నుంచి కొత్త కాపీ తయారుచేస్తూ ఆ గులాబీనే ఖాయం చేయబోతుంటే, ఆయన నా చెయ్యి పట్టుకుని, "నేనే పొరబడ్డానేమో, సాయంత్రమే తీశానేమో" అన్నారు. నా మనసు చివుక్కుమంది. మనిషికి తన కష్టం మీద తనకే నమ్మకం పోవడం కన్నా అన్యాయం ఉంటుందా?

(మంచినీళ్ళు తాగి) మన్నించాలి.

అంతలో, మూతపడ్డ ఓ థియేటర్ వాళ్ళు పంపిన డబ్బాల్లో అదే సినిమా ఇంకో రకం ప్రింటు దొరికింది. ఒక్కో రంగునీ అచ్చు వేసినట్టు ఫిల్ము మీద అద్దిన రకం. అంత తొందరగా వెలిసిపోదు. ఆత్రంగా కొత్త మిషన్‌కి ఎక్కించాం. నీలం వచ్చింది, వచ్చి మరీ మీద పడింది. "అన్నయ్యా, ఇది తెల్లవారుజాము కాదు, నడిరాత్రి" అంది చెల్లెమ్మ. ఆవిడ మాటా నిజమే. ఆ ప్రింటు ఈ జినాన్ దీపానికి తీసింది కాదు, ఆనాటి కార్బన్ వెలుగుకి తీసింది.

అప్పుడు నా పాత మిషన్ మీది గుడ్డ తీశాను. తీశాను గానీ, కార్బన్లేవి? ఇన్నాళ్ళూ నన్ను ఆటపట్టించిన ఈ స్టోర్స్ ఆయనే బీరువా వెనకనుంచి ఓ కట్ట తీసుకొచ్చి, "ఎప్పటికైనా అడుగుతావని తెలుసులే" అన్నాడు! (చప్పట్లు)

కార్బన్ వెలుగులో కాస్త పసుపు ఉంటుంది, అది ఆ నీలాన్ని తగ్గించింది. గేటు మీద పల్చటి నీలం, వెనక కిటికీలో ఇంకా ఆర్పని దీపం, ఆకాశం అంచున సన్నటి వెలుగు. పెద్దాయన లేచి తెర దాకా నడిచి వెళ్ళారు. "తెల్లారుతోందయ్యా! పిల్ల బయల్దేరుతోంది, చూడండి!" అని అరిచారు. బొమ్మ మసకబారిందని నేను ఫోకస్ తిప్పుతూనే ఉన్నాను. మసకబారింది నా కళ్ళు.

చెల్లెమ్మ చేసిన పనంతా పక్కన పెట్టి, ఆ వెలుగు చూసుకుంటూ మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది. ఆ ఓపికకి ఏమిచ్చినా తక్కువే. మా ఆవిడ వచ్చి చూసింది. ఇంటి తాళం తీస్తూ, "ఇన్నేళ్ళూ అనవసరంగా ఏడ్చానండీ" అంది.

నన్ను భరించిన మేడమ్‌గారికి, మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ చివరి రీలు ఇప్పుడు మీకు చూపిస్తాం. మిషన్ దగ్గరుండేది స్టోర్స్ ఆయన. నేర్పాను, బాగానే పట్టుకున్నాడు. జీవితమంతా ఆ గది కన్నంలోంచే సినిమా చూశాను, పెద్దాయన పక్క సీటు ఖాళీగా ఉంది, నన్ను వెళ్ళనివ్వండి. సెలవు. ఏమయ్యా, లైట్లు ఆర్పు, తెల్లవారనీ.