జైనబ్బీ ఇంటి జాగ

ఆదివారం పొద్దున ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద, నిజాం కాలం నాటి గొడవల చరిత్ర చెప్పే నడకకు పదిమంది దాకా వచ్చారు. వాళ్లను నడిపించే అమ్మాయిని ఆమె తాత పక్కకు పిలిచాడు.

"రజాకార్ల సంగతి చెప్పు బిడ్డా. నలభై ఎనిమిదిల మిలిటరీ వచ్చినంక ఏమైందో మాత్రం చెప్పకు."

"ఎందుకు తాతా? రజాకార్లు వచ్చిననాడు నిన్ను దాచింది మన ఊరి జైనబ్బీయే కదా?"

"అవును. వడ్ల గుమ్మిల కూసోబెట్టి గోనెసంచి కప్పింది. వాకిట్ల అడ్డం నిలబడి, ఇంట్ల పోరగాండ్లు ఎవ్వరూ లేరన్నది."

"మరి మిలిటరీ వచ్చినంక ఆమె పెనిమిటిని ఎవరు కొట్టి చంపిన్రు?"

"మన ఊరోళ్లే. వాళ్ల మనుమలు ఇంకా ఈడ్నే ఉన్నరు. నువ్వు చెప్తే రేపు వాళ్ల మొకం ఎట్ల సూడాలె?"

"జైనబ్బీ మనుమరాలి మొకం ఎట్ల సూస్తవు? గా నీలం చున్నీ ఆమెనే. నాచారం నుంచి వచ్చింది."

ముసలాయన అటు చూశాడు.

"ఆమెకు ఎరుకేనా?"

"వాళ్ల తాత ఆ గొడవలల్ల పోయిండని ఎరుక. ఎవరు చంపిన్రో ఇంట్ల ఎన్నడూ చెప్పలేదట. సగం కథ చెప్పి పంపుడు నాతోని కాదు. నేను చెప్తా."

"నువ్వు చెప్పకు."

"తాతా!"

"నువ్వు విన్నవు బిడ్డా, నేను సూసిన. నేనే చెప్తా. జర చెయ్యి పట్టు, ఆ ఇంటి జాగ సూపిస్తా."