పై పండ్ల ఈరన్న

డోన్‌లో పశువైద్యురాలు మధులత గది. బల్లమీద బుట్టలో విదేశీ జాతి తెల్ల కుందేలు. దానికి అటు శివకుమారి, ఇటు ఆమె తమ్ముడు కంబన్న.

"పై పండ్లు మాత్రం పీకండి మేడమ్. కిందివాటి జోలికి పోవద్దు."

"అట్లా కాదు కంబన్నా. కుందేలు పండ్లు బతికినన్నాళ్లూ పెరుగుతానే ఉంటాయి. దీనికి పైవీ కిందివీ కలవక వంకర తిరిగినాయి. మత్తిచ్చి, చిగురు కోసి, ముందుపండ్లన్నీ వేర్లతో సహా తీయాల. లేకుంటే మేత తినలేక చచ్చిపోతుంది."

"నా బిడ్డను బోసినోరు చేస్తారా డాక్టరమ్మా? నేనొప్పుకోను. గడ్డి నేనే నమిలి పెడతా."

"నీ బిడ్డ సరే అక్కా, నా పానం సంగతేంది?"

"కుందేలు పండ్లకూ నీ ప్రాణానికీ ఏం సంబంధమప్పా?"

"ఏం చెప్పాల మేడమ్. పిల్లల్లేరని మా అక్క దీన్ని తెచ్చుకొని, తొట్లెలో ఏసి, ఊరంతా బెల్లం పంచి, మా నాయన పేరు పెట్టె. ఈరన్న!"

"పెడితే?"

"అక్కకు కొడుకైతే నాకు మేనల్లుడే కదా? నోరు తెరిసి చూస్తే పై పండ్లు! పై పండ్లు ముందొస్తే మేనమామకు గండం."

"కింద కూడా ఉన్నాయి కదా?"

"నాకు ముందు పైవే కనపడె. ఆ వారమే బోరు మోటారు కాలిపాయ. బండి మీద నుంచి పడితి. మొన్న ఎద్దు కుమ్మె. నేను సాకిన ఎద్దు, మేడమ్!"

"తాగొచ్చి, పండుకున్న ఎద్దు తోక తొక్కితే ముద్దు పెట్టుకుంటాదా?"

"తాగిచ్చింది ఆ గండమే కదక్కా!"

"మీరిద్దరూ కొంచెం ఆగండి. దీన్ని వెల్లకిలా పట్టుకోమ్మా... ఊఁ. మగదని ఎవరు చెప్పినారు?"

"సంతలో అమ్మినాయన. ఏం డాక్టరమ్మా?"

"ఇది ఆడది."

"ఆడబిడ్డా? నిజంగానా?"

"సందేహమే లేదు."

"కంబా, తలకాయ ఎందుకు దించుతావు? ఇట్ల చూడు."

"పోదాం పా అక్కా. బస్సు టైమాయ."

"యాడికి పోయేది? నాయన పానం పోతాంటే మంచం కాడ ఏమని మాటిచ్చినా?"

"వొద్దక్కా."

"'నాకు ఆడబిడ్డ పుడితే కంబన్నకే ఇస్తా' అంటిని. ఆ మాట కోసరమే గదరా, తల నెరిసేదాంక పెండ్లి లేకుండా కూచున్నావు."

"అక్కా, మేడమ్ వింటాండాది."

"విననీ. డాక్టరమ్మా, పైవీ కిందివీ అన్నీ పీకేయండి. పెండ్లికొడుకుకు గండం ఉండగూడదు."

"మేడమ్, మేడమ్! ఆ పండ్లు ముట్టుకోవద్దు. నా గండం నాకే ఉండనీ."