నెలకో తాడు అరిగిపోయేది

"మనుషుల్ని ఎలా పైకి తేవాలో నాకు టోక్యో నుంచి వచ్చినవాడు చెప్తాడా? నాకు!"

ఇనుజుకా మేస్త్రి గిన్నె బల్ల మీద కొట్టిన కొట్టుడికి ఎర్ర మిసో పులుసు నా చొక్కా మీద చిందింది. "మూతి మీద మీసం సరిగ్గా మొలవలేదు, గోడ మీద బొమ్మలేసి చూపిస్తాడట! బోల్టు ఎటు తిప్పితే బిగుస్తుందో తెలుసా వాడికి?"

ఆ సాయంత్రం చియేకో నూడుల్స్ కొట్లో ఉన్నది మేమంతా కారు సీట్ల ఫ్యాక్టరీ వాళ్లమే. మేస్త్రి మంట ఎందుకో అందరికీ తెలుసు. కొత్త మేస్త్రీలకి పని నేర్పేది ఆ టోక్యో మనిషా, రిటైరైన ఇనుజుకానా అన్నది రేపు తేలుతుంది. తేల్చేది సుగియురా రాసే కాగితం. ఒకప్పుడు ఇనుజుకా కింద బోల్టులు బిగించిన సుగియురాయే ఇప్పుడు మా అందరికీ పైవాడు. అతను చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని మూల కూర్చుని తింటున్నాడు. మేస్త్రి మాతో మాట్లాడుతున్నాడే గానీ చూపంతా ఆ మూలకే.

"అసలు లైను పొడుగునా తలల మీద ఆ తాడు ఎందుకు కట్టారు? తప్పు కనబడితే ఎంత కిందివాడైనా లాగాలి. గంట మోగాలి, లైను ఆగాలి, మేస్త్రి పరిగెత్తుకొచ్చి ముందు 'మేలు చేశావు' అనాలి. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే. మరి లాగేదెవడు? అందరికీ హడలు. మా హచియా ఉండేవాడు, కాలి మీద సుత్తి పడినా కిక్కురుమనేవాడు కాదు. వాడి భుజం మీద చెయ్యేసి, 'లాగరా నాయనా, నేనున్నా' అన్నాను. వారం తిరిగేసరికి రోజుకి మూడుసార్లు లాగాడు!"

"మంచి పనే," అన్నాను. అంతవరకూ నమ్మొచ్చు.

"మంచి పనేమిటయ్యా, ముందు విను! వాణ్ణి చూసి నలభై మందీ అందుకున్నారు. మోగీ మోగీ గంట గొంతు బొంగురుపోయింది. నెలకో తాడు అరిగిపోయేది. మాకు తాళ్లమ్మినవాడు మూడంతస్తుల మేడ కట్టాడు, వెళ్లి చూసుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హచియా కళ్లు మూసుకుని, చప్పుడు వినే వదులు బోల్టు ఎక్కడుందో చెప్పేవాడు. తర్వాత చప్పుడు కూడా అక్కర్లేకపోయింది, వాసన చాలు. ఇంట్లో నిద్రలో 'ఏడో సీటు, ఎడమ బోల్టు' అని కలవరిస్తే వాళ్లావిడ ఫ్యాక్టరీకి ఫోన్ చేసేది!"

"పాపం, ఆవిడకి జీతమిచ్చారా?" అంది చియేకో.

"నవ్వు తల్లీ, నవ్వు! మెప్పు విలువ తెలియని వాళ్లకి అన్నీ నవ్వులాటే!" మేస్త్రి మొహం కందగడ్డలా అయింది. "ఒకసారి వాడు బుల్లెట్ రైల్లో పోతూ, 'ఎక్కడో బోల్టు వదులైంది' అని అలవాటుకొద్దీ చెయ్యెత్తి గాల్లో లాగాడు. రైలు ఠక్కున ఆగింది! రైలెందుకు, ఆ ఏడు తుఫాను వచ్చిందా, హచియా ఒడ్డున నిలబడి, 'ఈ గాలిలో ఏదో తేడాగా ఉంది' అని చెయ్యి లాగాడు. తుఫాను ఆగింది! నేను మేస్త్రిని కదా, ఊరుకుంటానా? సముద్రం దాకా పరిగెత్తి ముందు వాడికి, తర్వాత తుఫానుకి, 'మేలు చేశారు' అన్నాను. తుఫాను నడుము దాకా వంగి దణ్ణం పెట్టి వెనక్కి పోయింది! మనుషుల్ని పైకి తేవడమంటే అదీ! రాసుకో సుగియురా, రాసుకో!"

సుగియురా గిన్నె పక్కకి జరిపాడు. సంచీలోంచి ఒక తాడు చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ మన పాత లైను విప్పేశారు మేస్త్రీగారూ. పారేస్తుంటే తెచ్చుకున్నాను. మీరున్న ఇరవై రెండేళ్లూ పైన ఉన్నది ఈ తాడే."

పైన దుమ్ము తుడిచినట్టున్నాడు. తాడు తెల్లగా, కొత్తదానిలా ఉంది. ఒక్కచోట మాత్రం నల్లటి గ్రీజు మరక, నాలుగు వేళ్లంత.



"ఎవడిదా మరక?" అని గద్దించాడు మేస్త్రి.

"నాదే. చేరిన మూడో రోజు వదులు బోల్టు చూసి లాగాను. మీరు పరిగెత్తుకొచ్చిన మాట నిజమే. వచ్చి, లైను ఆపినందుకు నలభై మంది దగ్గరికీ తిప్పి, ఒక్కొక్కరికీ తల వంచి క్షమాపణ చెప్పించారు. హచియా ముప్ఫై ఒకటోవాడు. ఆయన నా మొహం చూడలేక ఏడ్చాడు."

అతను ఆ మరక మీద తన నాలుగు వేళ్లూ ఆనించాడు.

"మర్నాడు ఇంకో వదులు బోల్టు కనబడింది. తాడు వంక చూశాను. చేతులు జేబులో పెట్టుకున్నాను. ఆ సీటు వెళ్లిపోయింది. అందులో ఎవరు కూర్చున్నారో, ఏమయ్యారో నాకు ఇప్పటికీ తెలియదు. రోడ్డు మీద పాత కారు కనబడితే చాలు, లోపల ఎవరున్నారా అని చూస్తాను."

తాడు చుట్టని మేస్త్రి వైపు తోశాడు.

"రేపటి కాగితం మీద మీ పేరు రాయమంటే రాస్తాను. ముందు ఈ తాడు ఒక్కసారి పట్టుకుని, రాయమనండి."

ఇనుజుకా తాడు ముట్టుకోలేదు.