బుల్లిరాజు ఆపిన గాలివాన

గాలివాన సంగతులు కువైట్ మొత్తంలో తనకొక్కడికే తెలిసినట్టు బుల్లిరాజు కాలు మీద కాలేసుకున్నాడు. మహబూలాలో ఆ టీ కొట్టు ముందు శుక్రవారం పూట ఆయనకు వినేవాళ్ళెప్పుడూ దొరుకుతారు. ఇవాళ సలహా అడిగేవాడు కూడా దొరికాడు. రాయచోటి మనిషి అతీఖ్, వఫ్రా ఎడారిలో గొర్రెలు పెంచే ఒక మజ్రాలో నిన్ననే పనికి కుదిరాడట.

“రాత్రికి మళ్ళా గాలివానంట అన్నా. పాలుతాగే గొర్రెపిల్లలు ఉండాయి. తడిస్తే చలికి చచ్చిపోతాయి. ఏం చేయల్ల?”

“నన్నడిగావు, బతికిపోయావు తమ్ముడూ. పోయిన వారం గాలివానకి వఫ్రాలో ఓ మజ్రాని కాపాడిందెవరనుకున్నావ్? కోనసీమోళ్ళం, తుఫానుల్లో పుట్టినోళ్ళం, ఆయ్. మబ్బు పట్టగానే దొడ్డి మీద టార్పాలిన్ బరకాలు కప్పేసి, నాలుగు మూలలా తాళ్ళు బిగించేశాను.”

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ నలుగురు వింటుంటే ఆపడం ఆయన ఒంట్లో లేదు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలికి మేకులన్నీ ఊడొచ్చేశాయి. బరకం లేచింది, తాడు పట్టుకుని నేనూ లేచాను, నా ప్యాంటు పళ్ళతో పట్టుకుని పొట్టేలు లేచింది, దాని వెనకాల మంద మందంతా లేచింది.”

“ఒంటె లేవలేదా బావా?” అన్నాడు పక్కనున్న అచ్చిబాబు.

“లేస్తానంది, బరువైపోద్దని నేనే వద్దన్నాను. ఫింటాస్ మీదుగా పోతుంటే మేడల మీద జనం చేతులూపేస్తున్నారు. షర్క్ చేపల మార్కెట్ దాటితే సముద్రమే కదా, ఇక లాభం లేదని గాలిని ఒక్క కసురు కసిరాను. తోక ముడిచి వెనక్కి తిరిగింది. తెల్లారేసరికి మందని దొడ్లో దింపేసి పాలు కూడా పితికేశాను. మజ్రా యజమాని, మా కఫీల్, కళ్ళనీళ్ళెట్టేసుకుని, ‘అలిసిపోయావు, ఇక పనికి రావద్దు, హాయిగా కూర్చో’ అన్నాడు. అందుకే ఇక్కడ కూర్చున్నాను.”

అందరూ నవ్వారు. అతీఖ్ నవ్వలేదు.

“బరకాలు యాడ పెట్టినావన్నా?”

“మడతెట్టి స్టోరు గదిలో పెట్టాను. పద్ధతుండాలి కదా.”

“బీగం ఏసినావా?”

“ఏయకుండా ఎలాగ? ఇంత లావు ఇనప తాళం.”

“అయితే నువ్వేలే,” అని అతీఖ్ లేచి నిలబడ్డాడు. “నేను చేరింది ఆ మజ్రాలోనే. నాకంటే ముందున్న పనోడు మొదటి ఉరుముకే బండెక్కి పారిపోయినాడు, స్టోరు బీగంచెవి కూడా ఎత్తుకపోయినాడు, ఫోన్ చేస్తే ఎత్తడని కఫీల్ చెప్పినాడు. బరకాలన్నీ లోపలే ఉండాయి. అది ఇనప తలుపు, ఎంత కొట్టినా పగల్లేదు. ఆ రాత్రి చచ్చిన గొర్రెపిల్లల్ని పూడ్చిన గుంటలు ఇంకా పచ్చిగానే ఉండాయి. ఇంకొన్ని గుంటలు తవ్వడం నా వల్ల కాదు. ఆ బీగంచెవి ఇయ్యి.”

బుల్లిరాజు జేబులోంచి చెయ్యి బయటికి తియ్యడానికి చాలాసేపు పట్టింది. తాళంచెవి అందుకుని అతీఖ్ వెళ్ళి బండెక్కాడు.

“ఎంతైనా గట్టోడివి బావా,” అన్నాడు అచ్చిబాబు. “అంతెత్తున ఎగిరినా జేబులోది జారనివ్వలేదు.”